రెండు మూరలూ ఒక జానా

టీవీ ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. మేం నేల మీద కూచుని తింటున్నాం. మా ఆవిడ మూడు రోజులుగా టీవీ సంగతి తప్ప అన్నీ మాట్లాడుతోంది. నాకు అదే టెన్షన్‌గా ఉంది.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొస్తారు. ఇంట్లో ఉన్న పాత టీవీలో ఎడంపక్క నిలువు గీత ఒకటి పడింది, సీరియల్లో ఎవరొచ్చినా ఆ గీత వెనక నుంచే రావాలి. సరే, కొనేద్దాం అనుకున్నాం. ఆన్‌లైన్ వద్దంది మా ఆవిడ. కళ్ళతో చూడకుండా నేను కొన్న గ్రైండరు ఒకటి అటక మీద ఉంది లెండి.

గంటస్తంభం దగ్గర మాకు వాడుక కొట్టు ఉంది. ఓనరుని మావయ్యా అంటాను, చుట్టరికం ఏమీ లేదు. ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. ఆయన ఎవరిదో మిక్సీ విప్పుకుని కూచున్నాడు.

"టీవీ ఎక్కడెడతావు బాబూ?"

"షోకేసులో మావయ్యా."

"గూడు వెడల్పు ఎంత?"

నీళ్ళు నమిలాను.

"టేపెట్టి కొలుచుకుని రా. అప్పుడు చూద్దాం."

అంతే. తల కూడా ఎత్తలేదు. డబ్బు జేబులో పెట్టుకుని వచ్చినవాణ్ణి హోంవర్కు చెయ్యలేదని వెనక్కి పంపించే కొట్టు ఇంకెక్కడైనా ఉంటుందా? నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. బండి తిప్పి ఏసీ షోరూముకి పోనిచ్చాను.

అక్కడ తలుపు తీసినవాడు నమస్కారం పెట్టి ఫోన్ నంబరు అడిగాడు. లోపల బల్ల దగ్గరి అమ్మాయి చిరునవ్వు నవ్వి ఫోన్ నంబరు అడిగింది. టీవీల దగ్గర నిలబడ్డ కుర్రాడు, "ఏం చూస్తున్నారు సార్, మీ నంబరొకసారి," అన్నాడు. నేనేం కొనాలో అడగడానికి ముందే నా నంబరు ముగ్గురి దగ్గరుంది. ఇది రాస్తుండగా కూడా వాషింగ్ మెషీన్ ఆఫరంటూ ఫోనొచ్చింది.

"గూడు సైజు ఎంత సార్?" అన్నాడు కుర్రాడు. వీడూ అదే అన్నాడు! ఇంటికి ఫోన్ చేశాను. మా టేపుని పోయిన వేసవిలో ప్లంబరు పట్టుకుపోయాడు, టేపూ రాలేదు, ప్లంబరూ రాలేదు. మా ఆవిడ స్టూలెక్కి, చేత్తో కొలిచి చెప్పింది: "రెండు మూరలూ ఒక జానా."

"నీ దగ్గర టేపుందా బాబూ?" అన్నాను కుర్రాడితో. లేదట. ఇంకో కుర్రాణ్ణి అడిగాడు. వాడి దగ్గరా లేదు. మూడు అంతస్తుల షోరూము, గోడ నిండా టీవీలు, అన్నీ అంగుళాల లెక్కన అమ్మకమే. వంద రూపాయల టేపు ఒక్కటి లేదు. బట్టల కొట్టులో మీటరు కర్ర లేకపోతే ఊరుకుంటామా?

మూరంటే మూరే కదా అని చొక్కా చెయ్యి మడిచాను.

"సార్, ప్యానెల్ ముట్టుకోకండి," అన్నాడు కుర్రాడు.

అందుకని చేతిని తెరకి అరంగుళం దూరంలో గాల్లో ఆపాలి. మోచెయ్యి ఎడం అంచుకి ఆనీ ఆననట్టు పెట్టి, నడిమి వేలు చాపాను. తెర మీద రంగురంగుల చిలక ఒకటి కొమ్మ మీద కూచుని ఉంది. మొదటి మూర సరిగ్గా దాని ముక్కు దగ్గర ఆగింది. అది గుర్తు పెట్టుకుని, రెండో మూరకి మోచెయ్యి తెచ్చేలోపు చిలక ఎగిరిపోయింది. మళ్ళీ మొదలెట్టాను. ఈసారి జలపాతం. జలపాతంలో గుర్తెక్కడ పెట్టుకుంటాం? చిలక మళ్ళీ వచ్చేదాకా ఆగాను. నా వెనక జనం కూడా ఆగారు. ఎప్పుడు చేరారో తెలీదు.

"మూరంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకానండీ, మీరు బొటనవేలు చూస్తన్నారు," అన్నాడొక పెద్దాయన.

"ఎవరి మూర?" అంది పక్కనున్నావిడ. "అమ్మవారి గుడికాడ పూలావిడ మూర యేరు, మన మూర యేరు. ఆవిడ మోచెయ్యి మడతెట్టేసి కొలుస్తది."

దాంతో పూల రేట్ల మీదకి పోయింది చర్చ. పండగ దగ్గర పడితే మూర ఎలా కుంచించుకుపోతుందో అందరూ తలో మాటా అన్నారు. నేను చెయ్యి గాల్లోనే ఉంచి వింటున్నాను. దింపితే లెక్క పోతుంది.

"ఇంతకీ కొలిచింది మీ ఆవిడ కదేటి? ఆవిడ చెయ్యి గావాల," అని తీర్పు చెప్పింది ఆవిడ. "మీ ఆవిడ పొడుగెంత బాబూ?"

మిక్సీల దగ్గర నిలబడ్డ సేల్స్ అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి పొడుగు మా ఆవిడంత ఉంటుందా ఉండదా అని మళ్ళీ తర్జనభర్జన. నేను ఇంటికి ఫోన్ చేశాను.

"నీ హైట్ ఎంత?"

"ఎందుకు?"

"ఇక్కడ ఒకమ్మాయి ఉంది. నీ అంత ఉంటుందా అని చూస్తున్నాం."

చాలాసేపు అవతల్నించి ఏమీ వినపడలేదు. తర్వాత ఫోన్ పెట్టేసింది.

పాపం ఆ అమ్మాయి గాజులు పైకి తోసుకుని, చిలక కదలకుండా ఉన్న క్షణం చూసి, చకచకా కొలిచేసింది. 43 అంగుళాలది పడుతుంది, 50ది బయటికొస్తుంది అని తేల్చింది. ఈ అంగుళాలు ఐమూలగా కొలిచినవి కదా, 43 అన్నది అడ్డంగా ముప్పై ఎనిమిదే ఉంటుంది, 50 అన్నది నలభై నాలుగు. ఈ విషయం నాకు ముందే తెలుసు. పెద్దాయనకి వివరించాను కూడా. తెలిసినందువల్ల ఏం ఒరిగిందని మాత్రం అడక్కండి.

అప్పుడే మేనేజరు వచ్చాడు. "43లో స్టాకు లేదు సార్. 50 తీసుకోండి, మీకని ప్రత్యేకంగా రేటు చేస్తాను. మీ మూర ప్రకారం పడుతుంది కదా సార్?"

నా మూర ప్రకారం పడుతుంది. నిజమే. పదిమందిలో మగవాడి మూర కాదనుకుని మిక్సీల అమ్మాయి మూర మీద ఆధారపడటం నాకూ నచ్చలేదు. బిల్లు కట్టేశాను. అదనపు వారంటీ కూడా కట్టినట్టున్నాను, రసీదు చూస్తే తెలిసింది.

మర్నాడు బిగించడానికి కంపెనీ కుర్రాడు వచ్చాడు. పెట్టె విప్పాడు. టీవీని గూటి దాకా ఎత్తాడు, మళ్ళీ దింపాడు. సంచీలోంచి టేపు తీశాడు. ఉంది, వాడి దగ్గర ఉంది!

"నలభైన్నర అంగుళాలు సార్. ముందే కొలుచుకోవాల్సింది."

మా ఆవిడ నా పక్కనే నిలబడి మోచెయ్యి నుంచి నడిమి వేలి దాకా ఒకసారి చూసుకుంది. ఏమీ అనలేదు.

షోరూముకి ఫోన్ చేస్తే, సీలు విప్పిన పెట్టె వెనక్కి తీసుకోరట. వడ్రంగిని పిలిస్తే, పక్క చెక్క కోసెయ్యొచ్చు, కానీ దేవుడి పటాలు ఆ చెక్క మీదే ఉన్నాయి, పండగ వెళ్ళాక చూద్దాం అన్నాడు.

నిన్న సాయంత్రం టేపు కొనడానికి వెళ్ళాను. నా ఖర్మ కొద్దీ హార్డ్‌వేర్ కొట్టు మావయ్య కొట్టుకి ఎదురుగానే ఉంది. పొట్లం జేబులో దోపుకుని బండెక్కుతుంటే అవతల్నించి కేక.

"ఏటి బాబూ, తీసుకున్నావా? ఎంతది?"

"మూడు మీటర్లది మావయ్యా," అని బండి స్టార్ట్ చేశాను.