షెడ్డులోనే ఆగిపోతున్న పత్తి యంత్రం

అక్టోబరు దాటిందంటే మహారాష్ట్రలోని మన రాజురా, కోర్పనా, జివతి నుంచి వణీ, పాంఢర్కవడా దాకా నల్లరేగడి చేలన్నీ తెల్లబడతాయి. సీతాదహి చేసి, చేలో పెరుగన్నం పెట్టి మొదటి పత్తి తీసే ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ సంబరం ఒక్క పూటే. సాయంత్రానికల్లా రైతుకు టెన్షన్ మొదలవుతుంది, రేపు ఏరడానికి ఎవరొస్తారని. పక్క ఊరికి ఆటో పంపాలి, కిలోకి ఇంతని ముందే మాట్లాడుకోవాలి, అవతలి చేనాయన ఒక్క రూపాయి ఎక్కువిస్తానంటే ఆటో అటే తిరుగుతుంది. మగవాళ్లు చాలామంది బొగ్గు గనులకో సిమెంటు ఫ్యాక్టరీలకో పోతున్నారు. సంక్రాంతి దాటితే ఆడవాళ్లూ పిల్లల్ని వెంటేసుకుని ఏరు దాటి తెలంగాణ మిర్చి తోటలకు వెళ్తారు, ఇక్కడ చివరి ఏరుడు పత్తి కాయల్లోనే వేలాడుతూ ఉంటుంది.

కూలీలను తప్పుపట్టడానికి మేం ఇది రాయడం లేదు. ఎండిన కాయ మొనలు గోళ్ల చుట్టూ గుచ్చుకుని రక్తం వస్తుంది, ఒడి నిండేకొద్దీ నడుము లాగుతుంది, పొద్దంతా వంగి ఏరినా ఒక మనిషికి 20, 30 కిలోలు. ఎండ ముదరక ముందే ఏరేద్దామంటే మంచు తడి. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే కొననే కొనదు. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710. విత్తనం, ఎరువు, మందు, కిరాయి అన్నీ ఇందులోంచే రావాలి. దుకాణం బాకీ కొన్నాళ్లు ఆగుతుంది, ఏరుడు కూలి మాత్రం పత్తి అమ్మకముందే చేతిలో పెట్టాలి.

మరి యంత్రం ఎందుకు రాలేదని ఫోన్లో అమెరికా వీడియోలు చూసిన పిల్లలు అడుగుతుంటారు. దాని ధర కోట్లలో ఉంటుందన్నది ఒక సంగతి. అంతకన్నా పెద్ద సంగతి, అది మన చేలోకి వచ్చినా పని చేయదు. అక్కడ చెట్టు పొట్టిగా ఉంటుంది, సాళ్లు ఒకే కొలతలో ఉంటాయి, మందు కొట్టి ఆకు రాల్చాక, కాయలన్నీ ఇంచుమించు పగిలాక యంత్రం లోపలికి వెళ్తుంది. మన హైబ్రిడ్ చెట్టు మనిషి భుజం దాకా లేచి అటూ ఇటూ కొమ్మలు చాపుతుంది, దీపావళి రోజుల్లో చూస్తే ఒకే చెట్టు మీద పువ్వు, పచ్చికాయ, పగిలిన కాయ మూడూ ఉంటాయి. అందుకే మూడు సార్లు ఏరాల్సి వస్తోంది. మనకు కావాల్సిన యంత్రం పగిలిన కాయనే ముట్టుకోవాలి, పచ్చికాయను రాల్చకూడదు, ఎండాకు తుంటల్ని దూదిలో కలపకూడదు, రెండెకరాల చేలో గట్ల మధ్య తిరగాలి. బజార్లో బ్యాటరీ చేతి యంత్రాలు దొరుకుతున్నాయి, పళ్లున్న గొలుసు దూదిని లాగుతుంది, దాంతోపాటు ఎండాకునూ లాగుతుంది, జిన్నింగ్ మిల్లు దగ్గరికి పోతే చెత్త ఉందని ధర తగ్గుతుంది. చెట్టును పొట్టిగా ఉంచి దగ్గర దగ్గరగా విత్తే పద్ధతిని నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ప్రచారం చేస్తోంది. మంచి ప్రయత్నమే, ముందు ముందు యంత్రానికి దారి అక్కడి నుంచే రావచ్చు. కానీ ఊరి చేలన్నీ అలా మారడానికి చాలా ఏళ్లు పడుతుంది, పత్తి మాత్రం ప్రతి అక్టోబరులో పగులుతుంది.

ఆ మధ్యలోని పనిని ఇంజనీరింగ్ చదవని రైతులు భుజానికెత్తుకుంటున్నారు. పాత స్ప్రేయరు మోటారు, బైకు చైను, ప్లాస్టిక్ పైపు, వెల్డింగ్ షాపులో అప్పు. ఇంట్లోవాళ్లు తిట్టినా, పక్కవాళ్లు నవ్వినా రాత్రిళ్లు కూర్చుని విప్పడం, మళ్లీ బిగించడం. ఇలాంటివాళ్లను మనం వింత మనుషులుగా చూస్తాం. నిజానికి పత్తి యంత్రం చరిత్రే ఇలాంటివాళ్లతో ముందుకు నడిచింది.

1892లో టెక్సాస్‌లో పుట్టిన జాన్ రస్ట్ చిన్నతనంలో పత్తి ఏరినవాడు. యంత్రాల బొమ్మలు గీయడం పోస్టులో వచ్చే పాఠాలతో నేర్చుకున్నాడు. అప్పటిదాకా ఎందరో కదురుకు పళ్లు పెట్టి దూదిని లాగే యంత్రాలు చేసి చూశారు, లాగిన దూది పళ్లల్లో చిక్కుకుని ఊడిరాక ఇబ్బంది పెట్టేది. 1927లో ఒక రాత్రి పడుకున్నవాడికి రెండు సంగతులు గుర్తొచ్చాయి. మంచు పడ్డ పొద్దున ఏరితే దూది వేళ్లకు అంటుకునేది, వాళ్ల అవ్వ రాట్నం కదురును తడిపి వడికేది. లేచి ఒక మేకు తడిపి దూదిలో తిప్పాడు, చుట్టుకుంది. పళ్లు లేని నునుపైన తడి కదురు అలా పుట్టింది, 1936లో మిసిసిపీ రాష్ట్రం స్టోన్‌విల్లెలో ఆ యంత్రాన్ని జనం ముందు నడిపి చూపించాడు. మంచు పత్తి వేళ్లకు అంటుకుంటుందని మన కోర్పనా అవ్వకూ తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

మన దేశంలోనే చూద్దాం. గుజరాత్‌లో అహ్మదాబాద్ జిల్లా వైపు వి-797 అనే రకం పత్తి ఉంది, దాని కాయ పూర్తిగా విచ్చుకోదు. కాయను కాయలాగే తెంపుకొచ్చి, ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు గంటల తరబడి కూర్చుని దూది ఒలిచేవారు. మన్సుఖ్‌భాయ్ పటేల్ అనే రైతు బిడ్డ ఆ కాయను ఒలిచే యంత్రం తయారు చేశాడు, ఎన్నోసార్లు విఫలమై, మళ్లీ మార్చి. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన పనిని గుర్తించి వెనక నిలబడింది. ఆ కాయ వేరు, మన కాయ వేరు, ఆ యంత్రం తెచ్చి ఇక్కడ పెడితే ఉపయోగం లేదు. మేం చెప్పేది ఆ వెనక నిలబడటం గురించి. ఆలేరులో తల్లి భుజం నొప్పి చూడలేక, చీర నేతకు నూలు చుట్టే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు తెలుగువాళ్లందరం గర్వపడ్డాం. ఆ యంత్రం కోసం ఆయన ఒంటరిగా తంటాలు పడ్డ ఏళ్లు మాత్రం మనకు గుర్తుండవు.

ఇక మన చంద్రపూర్ జిల్లా సంగతి. నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ ఊరి దాదాజీ ఖోబ్రాగడే పెద్దగా చదువుకోలేదు, ఉన్నది ఎకరంన్నర. 1983లో తన వరి పొలంలో తేడాగా కనిపించిన కంకుల్ని పట్టుకుని, ఏళ్ల తరబడి వేరుగా పెంచి హెచ్ఎంటీ బియ్యాన్ని మనకిచ్చాడు. ఆ బియ్యం తెలుగు రాష్ట్రాల్లో ఎవరు తినలేదు? విత్తనం చేతులు మారింది, వ్యాపారం పెరిగింది, ఆ లాభంలో ఆయన ఇంటికి చేరింది దాదాపు ఏమీ లేదు. 2018 జూన్‌లో ఆయన పోయినప్పుడు కుటుంబం వైద్యం ఖర్చులకే ఇబ్బంది పడుతోంది. ఈ జిల్లాకు ఆ బాకీ ఉంది. వరి విత్తనం దగ్గర జరిగింది పత్తి యంత్రం దగ్గర మళ్లీ జరగకూడదని మా పట్టుదల.

కానీ అదే జరుగుతుందేమోనని మా భయం, దానికి దారి మన చేతుల్లోని ఫోనే. కొత్తది ఏదైనా చేయగానే వీడియో తీసి పెట్టేస్తున్నాం. లక్ష మంది చూస్తారు, చప్పట్లు కొడతారు, ఎమ్మెల్యే వచ్చి శాలువా కప్పుతాడు. చూసిన లక్ష మందిలో యంత్రాలు తయారు చేసే వర్క్‌షాపువాళ్లూ ఉంటారు. మన పేటెంటు చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టకముందే అందరికీ బయటపెట్టిన సంగతి కొత్తది కిందకు రాదు. అంటే వీడియో పెట్టిన రోజే రైతు తన హక్కును దాదాపు వదులుకున్నట్టు. మామూలు మనిషి ఆన్‌లైన్లో పెట్టే దరఖాస్తుకు మొదటి రుసుము 1,600 రూపాయలు, ఒక సంచి యూరియాతో పోలిస్తే ఎక్కువేగానీ ఒక ట్రాక్టరు టైరుతో పోలిస్తే తక్కువ. ముందు తాత్కాలిక వివరాలతో పెట్టి తేదీ దక్కించుకుని, పూర్తి వివరాలు 12 నెలల్లోపు ఇవ్వచ్చు. ఇక్కడ అడ్డం భాష. దరఖాస్తు హిందీలోనో ఇంగ్లిషులోనో ఉండాలి. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, ఈ కాగితం ఇంకో భాషలో. యంత్రం చేయగలిగినవాడు ఈ కాగితం దగ్గర ఆగిపోవడం మనందరికీ తలవంపు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఇలాంటివాళ్ల తరఫున పేటెంటు పనులు చూస్తుంది, తెలుగులో మాట్లాడాలంటే హైదరాబాద్‌లో పల్లె సృజన ఉంది.

రెండో అడ్డం ఇంకా పెద్దది. వ్యవసాయ యాంత్రీకరణ పథకం 2014-15 నుంచి నడుస్తోంది, సాత్‌బారా (భూమి కాగితం) పట్టుకుని పోర్టల్లో దరఖాస్తు చేస్తే సబ్సిడీ వస్తుంది. కానీ సబ్సిడీ ఇచ్చే యంత్రాల జాబితాలోకి ఎక్కాలంటే యంత్రానికి గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష జరిగి రిపోర్టు రావాలి. మధ్యప్రదేశ్‌లో బుద్నీ, అనంతపురం జిల్లాలో గార్లదిన్నె లాంటి చోట్ల ఆ కేంద్రాలున్నాయి. పరీక్ష ఉండాల్సిందే, నాసిరకం యంత్రంతో ఎవరి వేలో తెగితే బాధ్యత ఎవరిది? మరి షెడ్డులో ఒక్కటే యంత్రం చేసిన రైతు దాన్ని లారీకెక్కించి, ఫీజు కట్టి, వెళ్లి కూర్చుని రిపోర్టు ఎలా తెచ్చుకుంటాడు? కంపెనీ తెచ్చుకుంటుంది. అందుకే కంపెనీ యంత్రం సబ్సిడీతో చవకగా వస్తుంది, రైతు చేసింది పూర్తి ధరకు అమ్ముడుపోక షెడ్డులో తుప్పు పడుతుంది. చంద్రపూర్, యవత్మాళ్ జిల్లా యంత్రాంగాలను మేం నేరుగా అడుగుతున్నాం. ఏరుడు సాగుతున్న నవంబరు, డిసెంబరు నెలల్లో ఒక చేను చూపించి, ఊళ్లలోని యంత్రాలన్నిటినీ అక్కడికి పిలిచి, నాగ్‌పూర్ శాస్త్రవేత్తల ఎదుట నడిపించండి. గంటకు ఎన్ని కిలోలు, చెత్త ఎంత, పచ్చికాయ ఎంత రాలింది, అన్నీ తూచి రాయండి. అందులో బాగా నిలిచినవాటికి పరీక్ష ఫీజు, రవాణా జిల్లా నిధి నుంచి కట్టండి. ఒక రోడ్డు గుంత పూడ్చే ఖర్చుకు మించదని మా నమ్మకం.

ఆ చేలో యంత్రాన్ని ముందుగా పట్టుకోవాల్సింది ఆడవాళ్లు. తూకం మీదే కూలి తీసుకునే మనిషికి యంత్రం బరువెంతో, వెనక బ్యాటరీ నడుముకు ఎలా తగులుతుందో అరగంటలో తెలిసిపోతుంది, మగవాళ్లు గట్టు మీద నిలబడి మెచ్చుకుంటే తెలియదు. పని పోతుందన్న వాళ్ల భయం కూడా నిజమైనదే. ఏరుడు డబ్బే ఏడాదిలో తన చేతికి నేరుగా వచ్చే డబ్బని చెప్పే అక్కలు ప్రతి ఊళ్లో ఉన్నారు. జాన్ రస్ట్‌కూ ఇదే బాధ ఉండేది, తన యంత్రంతో కూలీల బతుకులు పోతాయేమోనని ఎంతో మథనపడ్డాడు, తర్వాత దశాబ్దాల్లో అమెరికా దక్షిణాన ఆ పని చాలావరకు పోయింది కూడా. మన దగ్గర ఆ దెబ్బ తగలకూడదంటే యంత్రం పెద్ద రైతు ట్రాక్టరు వెనక వచ్చేలోపే చిన్న యంత్రాలు మహిళా బచత్ గట్ల (పొదుపు సంఘాల) చేతికి రావాలి. గట్ అక్కలు యంత్రం తీసుకుని చేను చేనుకూ వెళ్లి కిలో లెక్కన ఏరితే రైతుకు పని త్వరగా అవుతుంది, వాళ్లకు రోజుకు ఎక్కువ కిలోలు పడతాయి.

షెడ్డులో ఇలాంటి యంత్రం పెట్టుకున్న రైతన్నలు, తమ్ముళ్లు ఎవరైనా ఉంటే మీ ఊళ్లోని మా పత్రిక విలేఖరికి కబురు చేయండి. మీ దరఖాస్తు ఇంగ్లిషులో రాసిపెట్టడానికి ఒక మనిషిని మేం కూర్చోబెడతాం, ఒక్క రూపాయి తీసుకోం. మీ పేరు, మీ యంత్రం మొదటి పేజీలో వేయాలని మాకూ ఉంది. ఫొటో మాత్రం ఇప్పుడే పంపకండి, దరఖాస్తు నంబరు వచ్చాక పంపండి.