కొనేవారి కోసం అలంకరించిన జపాన్

'అసలైన సమురాయ్‌లు' (పాతకాలపు జపాన్ యోధులు) అనే వ్యాఖ్యతో ఫోన్లలో తిరిగే పాత రంగుల ఫొటోలు చూడముచ్చటగా ఉంటాయి. వాటిని చరిత్రకు సాక్ష్యంగా తీసుకునే ముందు మాత్రం అవి ఎవరి చేతికి అమ్ముడుపోయాయో చూడాలి. ఇలాంటివి చాలావరకు 1860ల నుంచి 1890ల దాకా యొకొహామా రేవులోని స్టూడియోల్లో తయారయ్యాయి. ఓడల్లో వచ్చిన విదేశీయులు లక్కపూత అట్టల ఆల్బమ్‌లలో వాటిని కొనుక్కుని వెళ్లేవారు.

ఈ వ్యాపారానికి బాట వేసినవారిలో ఫొటోగ్రాఫర్ ఫెలీచే బెయాటో ముఖ్యుడు. 1863లో యొకొహామా చేరాడు. అంతకు ముందు, 1858లో, లక్నోలోని సికందర్ బాగ్ శిథిలాలను ఫొటో తీసిందీ ఇతనే. అందులో నేలంతా పరచుకున్న ఎముకలను ఫొటో కోసమే అమర్చారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. జపాన్‌లోనూ అతని స్టూడియో దృశ్యాలు అమర్చినవే.

అతని దగ్గర ఫొటోలకు రంగులు అద్దిన కుసకాబె కింబెయ్, తర్వాత సొంత స్టూడియో పెట్టాడు. గాలివానలో గొడుగు పట్టుకున్న యువతి ఫొటో అతనిదే. గాలికి కిమోనో అంచు ఎగిసినట్టుంటుంది, వాన ఏటవాలుగా కురుస్తుంటుంది. కానీ ఆ గాలీ లేదు, వానా లేదు. వాన చారలు నెగెటివ్ మీద గీసినవి. హిరోషిగె వంటి జపాన్ చిత్రకారుల చెక్క అచ్చు చిత్రాల్లో వాన కనిపించే తీరే అది! 1876లో ప్రభుత్వం కత్తులు ధరించడాన్ని నిషేధించాక కూడా కవచధారుల ఫొటోలు అమ్ముడవుతూనే వచ్చాయి. డబ్బిచ్చి నిలబెట్టిన మనుషులకు ఆ వేషం వేసేవారు.

అదే 1876లో చిత్రకారుడు కొబయాషి కియొచిక టోక్యో దృశ్యాల అచ్చు చిత్రాలు మొదలుపెట్టాడు. అంతకు ముందు జపాన్‌ను ఏలిన సైనికాధిపతి షోగన్ కొలువులో బతికిన కుటుంబం అతనిది, ఆ కొలువు కూలిపోయింది. అయినా అతని బొమ్మల్లో గ్యాస్ దీపాలు, టెలిగ్రాఫ్ తీగలు, ఇటుక భవనాలు ఉన్నాయి. 1879 నాటి ఒక చిత్రంలో రాత్రివేళ రైలు వెళుతుంటుంది, కిటికీల వెలుగు నీటిలో పడుతుంది. నిజానికి అక్కడ నడిచినవి బ్రిటిష్ ఇంజన్లు, అతను గీసింది అమెరికన్ తరహాది. ఆ తప్పు తెలిసినా నేను ఈ బొమ్మనే ఎక్కువ నమ్ముతాను. మారిపోతున్న ఊరిని ఊరివాళ్ల కోసమే గీశాడు కాబట్టి.

ఫొటోను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1888లో ప్రభుత్వం ఆలయాల కళాసంపదను సర్వే చేయించినప్పుడు ఒగావా కజుమస తీసిన ఫొటోల పని వేరు. విగ్రహాలు ఎలా ఉన్నాయో జపాన్ తన కోసం నమోదు చేసుకోవడానికి తీసినవి అవి.