మూడు కార్డులు, ఒకటే మంద

పోయిన శనివారం మనవాళ్లతో కలిసి స్నో లేక్‌కు హైక్ వెళ్లాను. ఇంకోసారి పిలిచినా వెళ్తే ఒట్టు. సరస్సు మీద కాదు నా కోపం.

సియాటిల్ నుంచి గంట దూరంలో, స్నోక్వాల్మీ కనుమ దగ్గర, జాతీయ అటవీ ప్రాంతంలో ఉందది. రానూపోనూ సుమారు 7 మైళ్లు. కొంత ఎక్కాక ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్, అంటే చట్టం కాపాడే అడవి, మొదలవుతుంది. అక్కడ ఒక బృందంలో 12 మందికి మించకూడదు. మేము 28 మందిమి. ముందు రోజే వాట్సాప్‌లో అడిగాను. "మూడు బృందాలని రాసేద్దాం అన్నయ్యా" అని జవాబు. లోపలికి వెళ్లే పర్మిట్ ఉచితం, కార్డు నింపి పెట్టెలో వేసేదీ మనమే. అలా మూడు కార్డులు పడ్డాయి. నడిచింది మాత్రం ఒకే మంద, ఒకే స్పీకరు, ఒకే పులిహోర గిన్నె.

పార్కింగ్ దగ్గరే మొదటి పేచీ. బండి పెట్టాలంటే పాసు కొనాలి. రెండు వందల డాలర్ల బూట్లు తొడుక్కున్న ఒకాయన "అడవికి టికెట్టేమిటి?" అన్నాడు. ఆ డబ్బులో చాలా భాగం వసూలైన చోటే ఖర్చు పెడతారు. తిరుగు దారిలో ఆయన వరుసలో నిలబడిన మరుగుదొడ్డి లాంటి వాటికే.

పైకి వెళ్లే కొద్దీ బాట మెలికలు తిరుగుతుంది. "ఇటు దగ్గర" అంటూ నలుగురు మెలికకు అడ్డంగా ఎక్కేశారు. రేపు వాన నీరూ అదే దగ్గర దారి పట్టి మట్టిని కోసుకుపోతుంది. అక్కడ మంచు కరిగి నేల కనబడేది ఏడాదిలో కొన్ని నెలలే, తొక్కిన మొక్క తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. పైగా 1964 నాటి చట్టం ప్రకారం వైల్డర్‌నెస్‌లో మోటారు పనిముట్లు వాడకూడదు. బాటకు అడ్డంగా చెట్టు పడితే ఇద్దరు చెరో వైపు పట్టుకొని లాగే రంపంతో కోస్తారు. వాళ్లలో జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు ఎందరో. మనం కమలాపండు తొక్కలు విసిరి "నేలలో కలిసిపోతాయిలే" అనుకునే శనివారాల్లోనే వాళ్లు రంపం లాగుతుంటారు. ఆ చలికి తొక్క అంత తొందరగా కుళ్లదు, అది వేరే సంగతి.

దిగేటప్పుడు ఒక పెద్దావిడ బాట పక్కన రాయెక్కి, మేమందరం వెళ్లే దాకా ఓపిగ్గా నిలబడింది. చివరివాణ్ని నేనే. "మీరంతా ఒకే బృందమా?" అని నవ్వుతూ అడిగింది.

"కాదండీ, మూడు" అన్నాను.