తాళం వేసిన విజ్ఞానం

మొన్న ఒక సభలో కూర్చోవాల్సి వచ్చింది. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని ముప్పావు గంట బాధపడ్డారు. ఈ తరం పిల్లలకి పుస్తకం వాసనే తెలీదట, ఎంతసేపూ ఫోనేనట, మా రోజుల్లో అయితేనా అట. ఆ బాధంతా ఆయన ఫోన్లో రాసుకొచ్చి, ఫోన్లో చూసే చదివారు. మధ్యలో అది మోగింది. కట్ చేశాక ఎక్కడ ఆపారో దొరక్క మళ్ళీ మొదటి పేరా నుంచి బాధపడ్డారు. చప్పట్లు కొట్టాం.

వారి రోజులు నాకు బాగా తెలుసు. అప్పుడు పిల్లాడిగా ఉన్నది నేనే కదా.

మా బడిలో లైబ్రరీ ఉండేది. అంటే హెడ్మాస్టారి కుర్చీ వెనక ఒక అద్దాల బీరువా, దానికో తాళం. నేను కూడబలుక్కుని చదివిన మొదటి సాహిత్యం ఆ పుస్తకాల వెన్నుల మీద పేర్లే. చాక్‌పీసులు తెమ్మని పంపినప్పుడల్లా రెండేసి పేర్లు చదువుకుని వచ్చేవాణ్ణి, ఏడాది తిరిగేసరికి పై అర పూర్తయింది, చాక్‌పీసులకి ఇంతసేపా అని మధ్యమధ్యలో దెబ్బలు. తాళం ఎందుకండీ అని ఒకసారి అడిగాను. చదివితే నలిగిపోతాయన్నారు. ఆలోచిస్తే ఇందులో తప్పు పట్టడానికేం లేదు, చదవని పుస్తకం నలగదు. లోపల వెండిరంగు పురుగులు మాత్రం బైండింగు జిగురు తింటూ హాయిగా ఉండేవి. పుస్తకాల పురుగు అనే మాటకి మా బడిలో వేరే అర్థం లేదు. సభ్యత్వం వాటికే.

పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రంగా రాసిపెట్టారు. మా బీరువాకి ఆ సంగతి అందలేదు. అంతకు ముందు శతాబ్దాల్లో యూరప్‌లో పుస్తకాలకి గొలుసులు వేసేవారు, ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ చర్చిలో అలాంటి లైబ్రరీ ఇప్పటికీ ఉంది. ఎంత అన్యాయం అనుకుంటాం. కానీ ఆ గొలుసు బల్ల దాకా వచ్చేది! కూర్చుని చదువుకోవచ్చు. దొంగతనమంటే అంత భయమున్నవాళ్ళు కూడా చదివేవాడి కోసం గొలుసు పొడుగు కొలిచారు.

మా బీరువా ఏడాదికి ఒక్కరోజు తెరిచేవారు, ఇన్‌స్పెక్షన్‌కి. ముందురోజు దుమ్ము దులిపేది మేమే. అధికారి వచ్చాక మమ్మల్ని చెట్టుకింద వరసగా కూర్చోబెట్టి తలో పుస్తకం చేతిలో పెట్టి, చదువుతున్నట్టు కనపడండిరా, కానీ పేజీలు తిప్పొద్దు అనేవారు. ఫోటోగ్రాఫర్‌కి ఒక ఏడాది వెలుగు చాలక మమ్మల్ని జరిపాడు, మళ్ళీ జరిపాడు, హెడ్మాస్టారు జుట్టు దువ్వుకొచ్చారు, అధికారి కుర్చీ మార్చారు, ఒకడు తుమ్మాడు. వాళ్ళ తంటాలు వాళ్ళవి. ఆ సందులో నేను నిజంగానే చదివేశాను, దొంగచాటుగా పేజీలు తిప్పుతూ, రెండున్నర పేజీలు. ఫోటో అయిపోగానే పుస్తకాలు లాక్కుని, లెక్కపెట్టి, తాళం వేశారు. ఆ ఫోటో కింద 'పఠనాసక్తి' అని రాసి గోడకి తగిలించారు.

ఇలాంటివాళ్ళు ఇప్పుడు మైకు ముందు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. సిగ్గుండాలి. కథల పుస్తకం కనపడితే లాక్కుని, ముందు క్లాసు పుస్తకం చదివి చావు అన్నదెవరు? చదవాలని కొట్టుకుపోతున్న పిల్లాడికి అద్దం అవతల పెట్టి చూపించిందెవరు? నాతో పాటు ఆ చెట్టుకింద కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఆ తర్వాత పుస్తకం జోలికే పోలేదో నాకు తెలుసు, వాళ్ళు మొద్దులు కారు, వాళ్ళకి తాళం తీసినవాడు లేడు. ఈ తరం ఫోన్ పట్టుకుందంటే వింతేముంది, దాన్ని బీరువాలో పెట్టే హెడ్మాస్టారు లేరు కాబట్టి.

నా సంగతంటారా, నాకు ఆ రెండున్నర పేజీల వల్లే పిచ్చి పట్టింది. ఒక కుర్రాడు పడిపోయిన చెంబు కోసం తాడు పట్టుకుని బావిలోకి దిగుతాడు. సగం దిగాక పైనెవరో నవ్విన చప్పుడు. తాడు తెగుతుంది. సరిగ్గా అక్కడ ఫోటో అయిపోయింది. పుస్తకం కింది అరలోది, అట్ట మీద అట్ట వేసి ఉంది, పేరు లేదు. మరుసటి ఏడాది నా చేతికి 'కూరగాయల సాగు' వచ్చింది.

అప్పట్నుంచి దొరికిన కథల పుస్తకమల్లా తెరుస్తూనే ఉన్నాను. బావులు చాలా తగిలాయి, ఆ బావి మాత్రం ఇంకా తగల్లేదు.