ఎడమచేతి దానం

పరోపకారం అంతరించిపోయిందని వాపోయే పెద్దలు ఒక్కసారి హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో వెళ్లాలి. ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడకుండా డ్యాష్‌బోర్డు మీద బిగించిన ఫోన్‌ని చూస్తుండాలి. నార్కట్‌పల్లి దాటాక ఎక్కడో ఒకచోట తెర మీద పోలీసు గుర్తు లేస్తుంది. ముందు వేగం తనిఖీ ఉందని దారి చూపే యాప్ చెబుతుంది. ఆ సంగతి యాప్‌కి ఎవరు చెప్పారు? మనకన్నా కాస్త ముందు ఆ దారిన పోయిన పుణ్యాత్ముడెవరో చెప్పాడు. అతనికి పేరు లేదు, ఊరు లేదు, కులం లేదు. కులం అడక్కుండా తెలుగువాడు తెలుగువాడికి చేస్తున్న సాయం ఈ కాలంలో ఇదొక్కటేనని నా అనుమానం.

ఈ పుణ్యాత్ముడు మామూలప్పుడు ఎలాంటివాడో మనకు తెలుసు. నీళ్ల ట్యాంకర్ వచ్చిందని పక్క ఫ్లాటువాళ్లకు చెప్పడు. తన ఆఫీసులో ఉద్యోగం ఖాళీ ఉన్న సంగతి సొంత తోడల్లుడి దగ్గర కూడా దాస్తాడు. అలాంటివాడు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ, తన గండం తాను గట్టెక్కాక కూడా, వెనక వచ్చే ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం ఆ గుర్తు వెతికి నొక్కుతున్నాడు. కుడిచెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది కాబట్టి ఎడమచేత్తోనే నొక్కాలి. ఎడమచేత్తో దానమేమిటని ఎవరూ ముక్కు విరవక్కర్లేదు. తలంటుకుంటున్న కర్ణుడు ఎడమచేతిలో ఉన్న రత్నాల గిన్నెని ఆ చేత్తోనే ఇచ్చేశాడని, చెయ్యి మార్చుకునేలోపు మనసు మారుతుందేమోనని భయపడ్డాడని చిన్నప్పుడు విన్నాం కదా. మనవాడికి మనసు మారే భయం లేదు గానీ, 110లో బండి సెకనుకి 30 మీటర్లు పోతుంది. తెర మీద వెతుకులాటకి మూడు సెకన్లు పట్టినా తొంభై మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. కర్ణుడు స్నానాల పీట మీద కూర్చుని ఇచ్చాడు. అంత రిస్కు ఆయనకెక్కడిది?

యాప్‌లు రాకముందు కూడా ఈ ధర్మం ఉండేది. పట్టపగలు ఎదురుగా వచ్చే లారీ రెండుసార్లు లైట్లు డిప్ కొట్టిందంటే 'ముందు పోలీసోళ్లున్నారు, చూసుకో' అని అర్థం. అయితే ఈ సేవకి సంఘం పెట్టి, చందాలు వసూలు చేసి, శాస్త్రీయంగా నడిపిన ఘనత ఇంగ్లీషువాళ్లది. అక్కడ 1903 చట్టం కార్లకు గంటకు 20 మైళ్ల పరిమితి పెట్టింది. పోలీసులు స్టాప్‌వాచీలు పట్టుకుని కంచెల చాటున నక్కడం మొదలెట్టారు. 1905లో లండన్‌లో కార్లున్న పెద్దమనుషులు కొందరు ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టి, సైకిళ్ల మీద మనుషుల్ని రోడ్డెక్కించారు. పోలీసుల మాటు ఎక్కడుందో కనిపెట్టి సంఘం సభ్యుల్ని హెచ్చరించడం వాళ్ల పని. 1910లో కోర్టు దీన్ని పట్టుకుంది. వేగంగా వస్తున్నవాణ్ని ఇలా హెచ్చరించడం పోలీసు విధులకు అడ్డుతగలడమేనంది.

సంఘం వెనక్కి తగ్గిందా? సభ్యుడి కారు కనబడగానే సైకిల్ మనిషి సెల్యూట్ కొట్టాలని అప్పటికే ఒక మర్యాద ఉంది. దానికి చిన్న సవరణ చేశారు. మావాడు సెల్యూట్ కొట్టకపోతే కారు ఆపి కారణం అడగండి అని సభ్యులకు చెప్పారు. హెచ్చరించడం నేరమైతే కావచ్చు, సెల్యూట్ కొట్టనందుకు ఏ సెక్షన్ కింద కేసు పెడతారు? ఆ సంఘం ఇవాళ్టికీ ఉంది, దారిలో చెడిపోయిన బండ్లు బాగుచేస్తుంది. మన యాప్‌లకు ఇంత సంస్కారం ఎక్కడేడ్చింది.

ఫ్రాన్స్ వాళ్లు ఇంకా సున్నితం. కెమెరా ఫలానాచోట ఉందని చెప్పే పరికరాలను 2012లో నిషేధించారు. అప్పట్నుంచి అక్కడి యాప్‌లు కెమెరా అనే మాట ఎత్తకుండా 'ముందు ప్రమాద ప్రాంతం' అంటున్నాయి. ఆ ప్రమాదం వంకర మలుపు కావచ్చు, కెమెరా కావచ్చు. వాహనదారుడి దృష్టిలో రెండో దాన్ని మించిన ప్రమాదం ఏముంటుంది?

మన ప్రభుత్వం విశాల హృదయంతో ఆ శ్రమ కూడా లేకుండా చేసింది. కెమెరాలతో నిఘా పెట్టిన రోడ్డు మీద ఆ సంగతి తెలిపే హెచ్చరిక బోర్డు అందరికీ కనబడేలా పెట్టాలని 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనే చెబుతోంది. అంటే దొంగకి ముందే కబురు పంపి కాపు కాయాలన్నమాట. బోర్డు చెట్టుకొమ్మ చాటున పడినచోట యాప్ చెబుతుంది. ప్రభుత్వం, ప్రజలు కలిసి పనిచేయడమంటే ఇదే.

ఇక్కడొక ధర్మసూక్ష్మం ఉంది. వేగ పరిమితి రోడ్డుకి ఉంటుందని చాలామంది పొరబడుతున్నారు. అది కెమెరాకి మాత్రమే ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డునే చూడండి. 158 కిలోమీటర్ల రోడ్డు, పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అంతకుముందు 120లో పోయేవాళ్ల పరువేం కావాలి? పాపం, వాళ్లు 140కి పోక తప్పలేదు. ఆ 140లో పోతుండగా యాప్ కుయ్‌మంటుంది. అన్ని వరసల్లోనూ ఒకేసారి బ్రేకు లైట్లు వెలుగుతాయి. స్పీడోమీటర్ ముల్లు వందకి దిగుతుంది. వెనక్కి తోసేసిన సీటు బెల్టు భుజం మీదికొస్తుంది. జన్మలో ఇండికేటర్ వేయనివాడు కూడా వేస్తాడు. అందరి మొహాల్లో ఊరికి కొత్తగా వచ్చిన అల్లుడి అమాయకత్వం. ఆ మూడు నాలుగు వందల మీటర్లు రామరాజ్యం. లేజర్ గన్ పట్టుకున్న కానిస్టేబుల్ అద్దంలో చిన్నగా అయిపోయేదాకా నడుస్తుంది ఆ రాజ్యం, తర్వాత యథావిధి.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి దొరికిపోతాం. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. లింకు తెరిస్తే మన బండి ఫొటో, దాని మీద వేగం, కింద రూ.1,035. ఆ ముప్ఫై అయిదు యూజర్ ఛార్జీలట. మనం వాడుకున్నదేమిటో వాళ్లే చెప్పాలి. గాభరాపడి వెంటనే కట్టేయకండి. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబరులో మళ్లీ మొదలెట్టి బైకులకి 80, కార్లకి 60 చేశారు. ఆర్టీసీ బస్సులకైతే 90. చలానా రాగానే కట్టినవాడి బతుకు ఆషాఢం సేల్‌కి ముందురోజు అసలు ధరకి పట్టుచీర కొన్నవాడి బతుకైంది. ఇంట్లో మొహమెత్తుకోలేడు. తప్పు చేసి కట్టకుండా కూర్చున్నవాడే లౌక్యుడు.

ఇక నాకు అర్థంకాని విషయం ఒకటుంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాణ్ని మొదటి గంటలోపు ఆస్పత్రిలో చేర్చినవారికి రూ.5,000 ఇస్తామని కేంద్రం 2021లో ప్రకటించింది. తర్వాత దాన్ని రూ.25,000కి పెంచింది. చేర్చినవాణ్ని కేసుల్లో ఇరికించకూడదని చట్టంలోనే రాశారు. ఇంత చేసినా, ప్రమాదం జరిగినచోట మనం కారు నెమ్మది చేసి, అద్దం దించి, 'అయ్యో' అని, వీలైతే వీడియో తీసి వెళ్లిపోతాం. మరి పోలీసులున్నారని చెప్పడానికి పైసా ఇస్తామన్నవాడు లేడు. అయినా ఆ సేవ ఒక్కరోజు ఆగలేదు. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని, అందులో 71 శాతం అతివేగం ఖాతాలోవని కేంద్ర రవాణా శాఖ లెక్కలు. ఆ లెక్క ఏ యాప్‌లోనూ కుయ్‌మనదు కాబట్టి మనకి టెన్షన్ లేదు.

ఇన్ని ఆలోచించి ప్రభుత్వానికి ఖర్చులేని సలహా ఒకటి ఇవ్వదలిచాను. హైవే పక్కన ప్రతి ఊళ్లోనూ ఒక బడి ఉంటుంది. దాని ముందు పిల్లల బొమ్మతో ఒక బోర్డు ఉంటుంది. ఆ బోర్డుని చూసి యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తినవాడు లేడు. కాబట్టి పొద్దున్న బడి వేళకీ, సాయంత్రం వదిలే వేళకీ ఊళ్లో ఇద్దరు ముగ్గురు రోడ్డు మీదికొచ్చి యాప్‌లో పోలీసు గుర్తు నొక్కి పోవాలి. హోంగార్డు అక్కర్లేదు, స్పీడ్ బ్రేకర్ పోయనక్కర్లేదు.

దీన్ని మన దాతలు ససేమిరా ఒప్పుకోరని తెలుసు. తప్పుడు సమాచారం ఇస్తారా, యాప్ మీద నమ్మకం ఏం కావాలి అని మండిపడతారు. మండిపడనివ్వండి. అలా వచ్చే మనవాడు గుర్తు చూసి గభాలున బ్రేకు తొక్కుతాడు. పోలీసు ఎక్కడా కనబడడు, సంచీలు తగిలించుకున్న పిల్లలు రోడ్డు దాటుతుంటారు. పోలీసులు ఇంకా ఉన్నారా అని యాప్ అడుగుతుంది. విసుగ్గా 'లేదు' నొక్కి, ఇంటికెళ్లి ఆ యాప్‌కి ఒక్క స్టార్ ఇస్తాడు.