చక్రాన్ని సాగదీసి గీతగా మార్చిన ఘనత

ప్రకృతి పాలన ఎంత అధ్వానంగా ఉందో ఇన్నాళ్లకు ఎవరో ఒకరు చెప్పక తప్పదు. సముద్రంలో చేరిన నీటి అణువు సగటున 3,000 ఏళ్లు అక్కడే మూలుగుతుంది. అదే ఆవిరై గాల్లోకి లేచిందా, తొమ్మిది పది రోజుల్లో వానై దిగిపోతుంది. ఒక టేబుల్ మీద అంత ఆలస్యం, ఇంకో టేబుల్ మీద ఇంత తొందర! అడిగే నాథుడు లేడు.

నత్రజని సంగతి మరీ దారుణం. గాలిలో 78 శాతం అదే. అయినా మొక్క ఆకలితో చావాల్సిందే, నేరుగా తీసుకునే వీల్లేదు. చిక్కుడు జాతి మొక్కలైతే వేళ్ల బుడిపెల్లో బ్యాక్టీరియాను కూర్చోబెట్టి, చక్కెర రూపంలో మామూళ్లు ముట్టజెప్పి పని చేయించుకుంటాయి. ఇది బహిరంగ లంచం కాక మరేమిటి? పైగా మట్టిలో ఇంకో రకం బ్యాక్టీరియా ఉంది, అది అంత కష్టపడి తెచ్చిన సరుకును తిరిగి గాలికి అప్పజెప్పేస్తుంది.

మొక్కకు తప్పనిసరైన ఇంకో పోషకం ఫాస్ఫరస్. దానికి గాలిలో ఆవిరై తిరిగే యోగం లేదు. అందుకని సహారాలో, చాద్ దేశంలోని బొడెలె అనే ఎండిన సరస్సు అడుగు నుంచి దుమ్ము లేచి, అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవిలో పడుతుంది. సహారా దుమ్ముతో అలా ఏటా చేరే ఫాస్ఫరస్ సుమారు 22,000 టన్నులు. వానలు, వరదలు ఆ అడవి నుంచి కడిగేసేది కూడా ఇంచుమించు అంతే. టెండర్ లేదు, రవాణా ఖర్చు లేదు, సంతకం లేదు. లెక్క మాత్రం సరిపోతుంది! నాకైతే అనుమానమే.

ఇక రాలిన ఆకు. దానికో చెత్తబుట్ట ఏర్పాటు చేయాలన్న ఆలోచన కోట్ల ఏళ్లలో ఎవరికీ రాలేదు. బూజు, వానపాము, బ్యాక్టీరియా తలో చెయ్యి వేసి మళ్లీ వేళ్లకే తినిపిస్తాయి. పాచి సరుకు!

అదృష్టవశాత్తు మనం వచ్చాం. 1913లో జర్మనీలోని ఒప్పావులో ఫ్యాక్టరీ పెట్టి, నత్రజని ఎరువు కోసం గాలిలోంచే అమ్మోనియా తీశాం. ఫాస్ఫరస్ ఎరువు కోసం ఫాస్ఫేట్ రాయిని తవ్వాం. గనిలోంచి పొలానికి, పొలంలోంచి కాలువకు, కాలువలోంచి సముద్రానికి ఒకటే తిన్నని దారి వేశాం. చల్లిన నత్రజనిలో దాదాపు సగం పంటకు అందదు, నాచుకు అందుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్ మింగేస్తుంది. అమెరికాలో మిసిసిపి నది సముద్రంలో కలిసే చోట ప్రతి వేసవిలో చేపలకు ఊపిరాడదు. అభివృద్ధిలో ఇలాంటి చిన్నచిన్న ఇబ్బందులు మామూలే.

సముద్రం అడుగున పేరుకున్న ఫాస్ఫరస్ మళ్లీ కొండై పైకి లేవాలంటే కోట్ల ఏళ్లు పడుతుందట. టెన్షన్ ఎందుకు? దరఖాస్తు ఈ రోజే పెట్టేద్దాం.