సన్నఫ్రేము గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సన్నఫ్రేము గారి దివ్యసముఖానికి,

మద్రాసులో తమ కాడలు వంచి పొట్టపోసుకునే కళ్ళజోళ్ళవాళ్ళం నమస్కరించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. చత్వారం వచ్చినవాళ్ళ సంగతే అంత బాగాలేదు.

నెల్లూరు నుంచో గూడూరు నుంచో తెల్లారగట్ల రైలెక్కి కంటి పరీక్షకొచ్చిన పెద్దాయన, చీటీ పట్టుకుని టీనగర్‌లో అడుగుపెట్టగానే తమరు షోకేసులోంచి కన్నుగీటుతారు. "ఇది పెట్టుకో తాతా, వయసు తగ్గిపోయావు" అంటుంది పక్కనున్న మనవరాలు. తమ ఎత్తు చూస్తే 26 మిల్లీమీటర్లు. అందులో ప్రోగ్రెసివ్ అద్దం, అంటే పైన దూరానికీ కింద చదవడానికీ గీత లేకుండా పవరు మారే అద్దం, బిగించాలట! పవరు మారే దారి (కారిడార్) పొడుగ్గా ఉన్న అద్దానికి కంటిపాప నడిమి నుంచి కింది అంచు దాకా 18 మి.మీ. అయినా కావాలి. తమ దగ్గర ముక్కీ మూలిగీ 15. మిగతా 3 ఏమయ్యాయంటారా? గ్రైండింగ్ మిషను నీళ్ళలో కొట్టుకుపోయాయి. పోయిందంతా కింది భాగమే, అంటే చదివే పవరే. వేలు పోసి కొన్నది కాలవపాలు. ఆయన పేపరు కోసం గడ్డం ఆకాశానికెత్తితే కౌంటరు దగ్గర "వారంలో అలవాటవుతుంది సార్" అంటారు. అద్దంలో లేని పవరు ఎన్ని వారాలకి అలవాటవుతుంది స్వామీ?

ఇక తమ ముక్కు. పోతపోసిన ప్లాస్టిక్, ఇటు కదలదు అటు కదలదు. మే నెల ఉక్కలో 3 మి.మీ. జారితే ఉన్న కాస్త చదివే భాగమూ అంతే కిందికి. తీగల మీద సిలికాన్ బొడిపెలుంటే పట్టకారుతో పావు నిమిషంలో సరిచేస్తాం. అవి పచ్చబడతాయి, నిజమే. తీగలో రాగికి చెమట తగిలి చిలుము పడుతుంది. తుడిచి కొత్త జత వేస్తే సరి. తమకది నామోషీ.

కాడ వంపు చెవి పైకొస దాటగానే మొదలవాలి. ముందే వంగితే చెవి కోసుకుపోతుంది, వెనక వంగితే జోడు జారుతుంది. తమ లావుపాటి కాడకి అక్కడ చోటెక్కడిది? వినికిడి మిషను ఎప్పుడో కాపురం పెట్టింది.

మాంబళం స్టేషను వంతెన దిగేటప్పుడు మెట్టు కంటికి మీటరున్నర దూరం. అద్దం కింది భాగంలో అదనంగా ఉన్న +2.50 పవరు చూపేది 40 సెంటీమీటర్లకి. మెట్టు అంచు అలుక్కుపోక ఏమవుతుంది? నడకకి దూరపు పవరు మాత్రమే ఉన్న జోడు వేరే ఉండాలి. రెండు జతలు అమ్ముడయ్యే మాటే అయినా ఎవరూ చెప్పరు. బోర్డు మీద "అన్నిటికీ ఒక్కటే" అని రాసుకున్నారుగా!

తమ సన్నదనం పనికొచ్చే చోటు ఒకటుంది. రెటీనా నడుమ మచ్చ పడ్డవాళ్ళకి +8 అద్దం వేసి, రెండు కళ్ళూ కలవడానికి ఒక్కో దాంట్లో ముక్కువైపు మందంగా ఉండి చూపుని మళ్ళించే ప్రిజం, 10 కొలతది, పెడతాం. అంత మందం అద్దానికి సగం ఎత్తు అద్దాలు పట్టే అరజోడు ఫ్రేమే నయం, బరువు తగ్గుతుంది. కాగితం మాత్రం 12.5 సెం.మీ.లో పట్టాలి. ఆ మాట చెప్పకుండా పంపితే చెయ్యి చాపి పట్టుకుని "అంతా మసక" అంటారు. ఆ కొలువుకి పిలిస్తే తమరు రారు, షోకేసు వదలరు.

ఇట్లు,
తమ మరలు బిగించేవాళ్ళు

తా.క.: ఒక కాడ మర ఊడి మంచం కిందికి దొర్లిందట. వెతకడానికి కళ్ళజోడు కావాలంటున్నారు.